అర్హతకు మించిన మరక

ఉగాది నాడు మా కాలనీలో పచ్చడి పంచాక పంచాంగ శ్రవణం ఉంటుంది. ఈ ఏడాది పంచాంగం అయిపోయినా ఎవరూ లేవలేదు, ఎందుకంటే పులిహోర ఇంకా రాలేదు. ఆ సందు చూసుకుని ఎస్టేట్ ఆఫీసరు త్రివిక్రమరావు గారు ఒక ఫైలుతో మైకు దగ్గరికి వచ్చారు.

మాది ఎరువుల కర్మాగారం వారి కాలనీ. నూట తొంభై రెండు క్వార్టర్లు. గోడకి మేకు కొట్టుకోవాలన్నా ఎస్టేట్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టుకోవాలి. హెడ్డాఫీసు వారికి ఇలాంటి కాలనీలు పది ఉన్నాయి. వాటిలో అందమైనదానికి ఏటా షీల్డు ఇస్తారు. ఇన్నాళ్ళూ మొక్కలూ చెత్తబుట్టలూ చూసి ఇచ్చేవారు. ఈ ఏడాది నుంచి ఇళ్ళ లోపల చూసి ఇస్తారట. లోపల ఎవరికి నచ్చినట్టు వాళ్ళు సర్దుకుంటే షీల్డు రాదు కనక, రాబోయే ఏడాదికి గృహాలంకరణలో ఏది నడవబోతోందో ముందే కనుక్కుని, దాన్ని అన్ని క్వార్టర్లలోనూ ఒకే తీరుగా అమలు చేయాలని ఉత్తర్వు వచ్చింది.

త్రివిక్రమరావు గారి చెవుల్లో అంతకు ముందు విన్న పంచాంగం ఇంకా మోగుతున్నట్టుంది. ఉత్తర్వుని కూడా ఆ ఫక్కీలోనే చదివారు.

"ఈ సంవత్సరమునకు గోడలకు రాజు వెలిసిన సున్నము. మంత్రి పచ్చి సిమెంటు. సేనాధిపతి వెదురు. తళతళలాడు పలకరాళ్ళకు ఆదాయము రెండు, వ్యయము పద్నాలుగు. ప్లాస్టిక్ పువ్వులకు రాజపూజ్యము ఒకటి, అవమానము ఏడు. నునుపు గోడలు గలవారు ఈ సంవత్సరము మిక్కిలి జాగరూకత వహింపవలెను."

మగవాళ్ళు పంచాంగానికి నిద్రపోయినట్టే దీనికీ నిద్రపోయారు. నా పక్కన కూర్చున్న ఇందుమతి గారు మాత్రం ఒక్క ముక్క వదలకుండా విన్నారు. ఆవిడది మా పై వాటా. ఆవిడ గోడలు అద్దాల్లా ఉంటాయి.

"అయితే మా ఇంటికి శని పట్టినట్టేనాండీ?" అన్నారు బెంగగా.

"శాంతేదో చేయిస్తార్లెండి," అన్నాను.

ఆ ఏడాది అలంకరణకి ఉత్తర్వులో పెట్టిన పేరు "సహజ జీర్ణతా సౌందర్యము". అంటే గోడ ఏళ్ళ తరబడి తడిసి, ఎండి, పట్టించుకునే నాథుడు లేక వదిలేసినట్టు ఉండాలి. ఆ వివరణ వింటుంటే నాకు మా వెనక గది గుర్తొచ్చింది. అంతకు మించి ఏమీ అనుకోలేదు. పులిహోర వచ్చింది, తిని ఇంటికొచ్చేశాం.

మా వెనక గదిలో అత్తయ్య మంచం ఉంటుంది. ఆ మంచానికి సరిగ్గా పైన, గోడా కప్పూ కలిసే చోట, నాలుగేళ్ళ క్రితం అరచెయ్యంత చెమ్మ మొదలైంది. నేను బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివాను. ఒకచోట మొలిచింది ఎటు పాకుతోందో చూడకుండా ఉండలేను. ప్రతి నెలా ఒకటో తారీఖున స్టూలెక్కి, మరక అంచు వెంబడే పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసేదాన్ని. నాలుగేళ్ళయ్యేసరికి నరికిన మాను మీద వలయాల్లా గీతల్లో గీతలు చేరాయి. చివరి గీత దగ్గర కొలిస్తే అడ్డంగా అయిదున్నర అడుగులు.

పదకొండు ఫిర్యాదులు రాశాను. కింద సంతకం మావారిది, ఎందుకంటే క్వార్టరు ఆయన పేరున ఉంది. ఆయన స్టోర్సులో గుమాస్తా. పదకొండింటికీ ఒకటే జవాబు వచ్చింది: పరిశీలనలో ఉన్నది.

"ఏవిటే అమ్మాయ్, అంతసేపు పరిశీలించడం? అదేవన్నా పెళ్ళికూతురా?" అనేది అత్తయ్య, దగ్గు మధ్యలో.

ఆవిడ దగ్గు కూడా మరకతో పాటే పెరిగింది. మందులు తర్వాత రాస్తాను, ముందు ఆ గోడ ఆరనివ్వండి అన్నారు డాక్టరు గారు. మంచం ముందు గదిలోకి మారుద్దామంటే కుదరదు. అత్తయ్యకి మోకాళ్ళు సహకరించవు, బాత్‌రూమ్ నాలుగడుగుల్లో ఉండాలి. అది ఉన్నది వెనక గది పక్కనే.

ఉగాది వెళ్ళిన వారానికి నా పన్నెండో ఫిర్యాదు ఫలించింది. ప్లంబరు నూకరాజు సుత్తీ, ఉలీ, రెండు మూరల కొత్త పైపూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాకు దేవుడు ప్రత్యక్షమైనట్టే ఉంది.

అతను గోడ మీద రెండుసార్లు తట్టి చూశాడు. "పై వాటా బాత్‌రూమ్ పైపండి. గోడలో జాయింటు కాడ కారతంది. అరగంట పనండి అమ్మగారూ."

"అరగంట పనికి నాలుగేళ్ళు పట్టిందేం నూకరాజూ?"

"ఆయ్, పని అరగంటేనండి. పైపు రాడానికండి నాలుగేళ్ళు."

అతను ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో త్రివిక్రమరావు గారి గొంతు వినిపించింది. ఇంటింటి సర్వేకి వచ్చారు. వెంట ఒక ముప్పయ్యేళ్ళ అమ్మాయి, మట్టిరంగు నేత బట్టల్లో. పేరు తన్మయి. అలంకరణలో సలహాలు చెప్పడానికి హైదరాబాదు నుంచి పిలిపించారట. ఆమె హాలు చూసి ఏమీ అనలేదు. వంటిల్లు చూసి ఏమీ అనలేదు. వెనక గదిలోకి తొంగి చూసి, "ఆపండి!" అని కేక పెట్టింది. నూకరాజు సుత్తి గాలిలోనే ఆగింది.

ఆమె చెప్పులు గుమ్మం దగ్గర వదిలేసి, గుళ్ళోకి వచ్చినట్టు వచ్చింది.

"ఇది ఎవరు చేశారండీ?"

"మా పై వాటావాళ్ళ బాత్‌రూమ్," అన్నాను.

"సార్, ఈ పొరలు చూడండి! ఈ పసుపు, ఈ పచ్చ, ఈ నలుపు... ఆ పెన్సిల్ గీతలు! ఇలాంటి గోడ కావాలంటే సిటీలో ఆర్టిస్టుని పెట్టుకుని ఆరు నెలలు ఆగాలి."

"మాకు నాలుగేళ్ళు పట్టింది. ఆ నలుపు బూజమ్మా."

"ఆర్గానిక్," అంది పారవశ్యంగా.

త్రివిక్రమరావు గారు మరకని కింద నుంచి పైకి చూశారు. నాలుగేళ్ళలో దాన్ని ఆయన చూడడం అదే మొదటిసారి. "నూకరాజూ, సదరు పైపును తక్షణము స్టోర్సునందు జమచేయుము. ఈ మరక ఈ క్షణము నుండి సంస్థ వారి ఆస్తి."

"ఆస్తయితే పట్టుకుపొండి నాయనా. నాలుగేళ్ళ బట్టీ పట్టుకుపొమ్మనే మొత్తుకుంటున్నాం," అంది అత్తయ్య మంచం మీద నుంచి.

పైపు వెనక్కి వెళ్ళిపోయింది. మర్నాడు మరక చుట్టూ టేకు చట్రం వచ్చింది. దాని పక్కన చిన్న ఇత్తడి పలక, మీద "ఆదర్శ మరక, సంఖ్య 1" అని. పైన ఒక దీపం. ముట్టుకోకుండా ఒక తాడు. తాడుకి అవతల అత్తయ్య. ఆవిడ మంచం తీసేయాలా వద్దా అన్న ప్రశ్న మీద తన్మయి కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, పెద్దావిడ ఉంటేనే జీర్ణత నిండుగా ఉందని తేల్చింది. కాకపోతే సందర్శకులు వచ్చే వేళల్లో గంధం రంగు చీర కట్టుకోవాలని, ఆకుపచ్చ దుప్పటి మార్చాలని షరతు.

"నే కట్టను. నాకు గంధం రంగు నప్పదు," అంది అత్తయ్య. ఆ షరతు మీద కూడా ఒక ఫైలు తెరిచారు.

సందర్శకులు బ్లాకుల వారీగా వచ్చారు. బొట్టు పెట్టి మంచినీళ్ళిచ్చి పంపడం నా వంతు. చివరగా ఇందుమతి గారు వచ్చి చాలాసేపు చూశారు.

"మీకేవండీ, అదృష్టవంతులు. కారింది మా బాత్‌రూమా, పేరొచ్చింది మీకా? న్యాయంగా చూస్తే అందులో సగం మాది."

నవ్వులాటకి అన్నారనుకున్నాను. ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టారు. దాంతో మిగతావాళ్ళకీ ధైర్యం వచ్చింది. షీల్డు కోసం అందరి ఇళ్ళూ చూస్తామంటారు, మరక చూస్తే ఒక్క గుమాస్తా ఇంట్లోనే ఉంది, ఇదేం న్యాయం అని యూనియన్ వాళ్ళు గేటు ముందు బైఠాయించారు. మరకల్లో వివక్ష నశించాలి అని నినాదం. ఒక్క రోజు సమ్మె జరిగింది. రెండో రోజు సంఘం వేశారు. వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. దాన్ని మావారు అన్నం ముందు కూర్చుని పైకి చదివారు.

"విషయము: ఉద్యోగులందరకు సమానత్వ ప్రాతిపదికన మరకల సరఫరా గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, ప్రతి క్వార్టరునకు ఒక మరక చొప్పున సంస్థ ఖర్చుపై సమకూర్చబడును. మరకల వెడల్పు ఉద్యోగి హోదాను బట్టి ఉండును. ఎ టైపు క్వార్టర్లకు ఆరు అడుగులు, బి టైపుకు నాలుగున్నర, సి టైపుకు మూడు, డి టైపుకు ఒకటిన్నర అడుగులు. ఇప్పటికే మరక కలిగియున్నవారికి వేరుగా మరక ఇవ్వబడదు."

"సమానత్వం బావుంది. మనది ఏ టైపురా?" అంది అత్తయ్య.

"సి టైపమ్మా," అన్నారు మావారు. ఆయన చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. మాది అయిదున్నర అడుగులు.

నాలుగేళ్ళు ఒక్క పైపు ఇవ్వలేని స్టోర్సులోంచి నాలుగు వందల పైపులు బయటికొచ్చాయి. గోడలు చెక్కి, బాగున్న పైపులు తీసి, సన్న రంధ్రం వేసిన కొత్త పైపులు పెట్టి, మళ్ళీ పూడ్చాలి. నూకరాజుకి ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడతను రంధ్ర నిపుణుడు. మా ఇంటికి మాత్రం రంధ్రం రాలేదు. మాకు ముందే ఉందిగా.

ఇందుమతి గారికి తన వంతు వచ్చేదాకా ఆగే ఓపిక లేకపోయింది. చిక్కటి కాఫీ డికాషన్‌లో బెల్లం పాకం కలిపి, హాల్లో గోడ మీద స్వయంగా మరక వేసుకున్నారు. రెండో రోజుకి చీమలు బారులు తీరాయి. వాళ్ళాయన చీమల మందు తెచ్చేలోపల తన్మయి వచ్చి చూసి, కదిలే అలంకరణ ఈ కాలనీలోనే మొదటిసారి అని రాసుకుని వెళ్ళింది. ఇక చీమల్ని చంపడానికి లేదు. పాపం, ఇందుమతి గారు సోఫా నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టుకున్నారు.

అసలు చిక్కు మే నెలలో వచ్చింది. సంస్థ వారు సరఫరా చేసిన మరకలు పొద్దున్నే బాగానే ఉండేవి, మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఎండకి ఆరిపోయేవి. ఇది తెలిసి ఆఫీసువారు మరకలకి హాజరు పట్టీ పెట్టారు. పదింటికీ నాలుగింటికీ ఒక అటెండరు ఇంటింటికీ వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూసేవాడు. పొద్దున తడిగా ఉండి సాయంత్రం పొడిగా ఉంటే సగం రోజు. మూడు రోజులు వరసగా ఆరితే ఆ ఇంటాయనకి మెమో. ఆడవాళ్ళం మూడున్నరకి గోడలకి నీళ్ళు చిలకరించడం అలవాటు చేసుకున్నాం. నేను కాదు, మిగతావాళ్ళు. మా మరక రోజూ రెండు పూటలా హాజరు. పైపుల తడి చాలడం లేదని చివరికి అన్ని బ్లాకుల డాబాల మీదా గచ్చు కూడా చెక్కించేశారు. వాన పడితే మరకలు వాటంతటవే నిలబడతాయని.

ఆ నెల మూడో వారంలో, అత్తయ్య వంటింట్లో భోంచేస్తుండగా, వెనక గదిలో దబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే అన్నం పళ్ళెమంత పెచ్చు ఊడి ఆవిడ తలగడ మధ్యలో పడి ఉంది. తలగడ గుంట పడింది. అత్తయ్య గోడ పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, పెచ్చునీ కప్పునీ మార్చి మార్చి చూసింది.

"మజ్జిగ పోసుకుందావని ఆగాను. లేపోతే ఈపాటికి పడుకునే దాన్ని," అంది.

పెచ్చుని సంచీలో వేసుకుని నేనే ఎస్టేట్ ఆఫీసుకి వెళ్ళాను. త్రివిక్రమరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

"అమ్మా, ఇది ఆదర్శ మరక అంతర్భాగము. మీరు దీనిని అనుమతి లేకుండా కదలించియున్నారు."

"నేను కదపలేదండీ. అదే కదిలింది. మా అత్తగారి తల ఉండాల్సిన చోట పడింది."

"ప్రాణనష్టము?"

"లేదు."

"సంతోషము." ఆయన పెచ్చుని కాగితంలో చుట్టించి, నాకు రసీదు రాసిచ్చారు. "జూన్ ఇరవై ఏడున న్యాయనిర్ణేతలు వచ్చి వెళ్ళువరకు సదరు మరకను ముట్టుటకు నాకే అధికారము లేదు. నా చేతులు కట్టివేయబడియున్నవి."

మర్నాడు మనుషులు వచ్చి ఆ పెచ్చుని జిగురుతో ఎక్కడిదక్కడ అంటించారు. పక్కనే కప్పు పూరీలా ఉబ్బి ఉంది. అది పడితే పళ్ళెమంత కాదు, చాపంత పడుతుంది. మంచాన్ని రెండడుగులు ఇవతలికి లాగాను. అంతకంటే లాగితే తలుపు తెరుచుకోదు. ఆ రోజు నుంచి అత్తయ్య పగలు పడుకోవడం మానేసి, కుర్చీలో కూర్చుని కప్పుకేసి చూస్తూ దగ్గేది.

సరిగ్గా అప్పుడు మావారికి మెమో వచ్చింది.

"తాము సి టైపు క్వార్టరునందు నివసించుచు, మూడు అడుగుల మరకకు మాత్రమే అర్హులై యుండి, అయిదున్నర అడుగుల మరకను అనుభవించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. గోడపై తమ ఇంటివారే తేదీలతో సహా గీసిన గీతలు ఇందుకు సాక్ష్యము. అదనపు రెండున్నర అడుగుల మరకను తమ వద్దనుండి ఏల రాబట్టుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

మావారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "చూశావా హైమా? ఆ గీతలు గీయొద్దంటే విన్నావా? ఇంక్రిమెంటు ఆగిపోతుంది. ఏం రాయను? తెలియక అనుభవించామని రాయనా?"

నేను మెమోని మళ్ళీ చదివాను. ఈసారి నెమ్మదిగా. కింద ముద్ర చూశాను. ఎస్టేట్ ఆఫీసులో ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద, రెండు విభాగాలున్నాయి. ఒకటి ప్రదర్శన విభాగం, మా మరకని ముట్టుకోవద్దన్నది వాళ్ళు. రెండోది రాబట్టు విభాగం, ఈ మెమో వాళ్ళది. వీళ్ళ వీపు వాళ్ళకి ఆనుతుంది గాని, ఒకరి ఫైలు ఇంకొకరు చూడరు. సంతకం రెంటి మీదా త్రివిక్రమరావు గారిదే.

"సంజాయిషీ వద్దండీ. నేను చెప్పినట్టు రాయండి," అన్నాను.

ఆయన రాశారు. "తమ మెమో శిరసావహించుచున్నాము. అర్హతకు మించిన మరకను అనుభవించడం మా తప్పే. అదనపు రెండున్నర అడుగుల మరకను ఆలస్యం లేకుండా స్వాధీనపరచుకోవలసిందిగా ప్రార్థన."

నాలుగేళ్ళలో పదకొండు ఫిర్యాదులకి కదలని ఆఫీసు, తప్పు ఒప్పుకున్న ఒక్క కాగితానికి మూడు రోజుల్లో కదిలింది. రాబట్టు ఉత్తర్వు పట్టుకుని రంధ్ర నిపుణుడు నూకరాజు వచ్చాడు. గోడకేసి చూసి తల గోక్కున్నాడు.

"మూడడుగులుంచి రెండున్నర తియ్యమన్నారండి. కారేది ఒక్క చోటండి. నేను దీన్ని సగం కారమని ఎలా చెప్పనండి అమ్మగారూ?"

"ఉత్తర్వులో సగం కారమని ఉందా నూకరాజూ?"

"లేదండి. అదనపు మరకని మూలంతో సహా తొలగించవలెను అనుందండి."

"మూలం ఎక్కడుంది?"

అతను నన్ను చూశాడు. తర్వాత అత్తయ్యని చూశాడు. తర్వాత సంచీలోంచి ఉలి తీశాడు. "చుట్టుపక్కల రంధ్రం లేని పైపు ఒక్కటీ లేదండి. మా ఇంటి కోసవని ఒకటి దాచుకున్నాను. తెత్తానుండండి."

అరగంట పట్టింది. ఉబ్బిన కప్పుని కూడా కర్రతో పొడిచి, తనే దించేసి, సిమెంటు మెత్తాడు. అవి రోహిణి కార్తె ఎండలు. ఆ ఎండలకి రోళ్ళే పగులుతాయంటారు, చెమ్మ ఎంత? పన్నెండు రోజుల్లో గోడ ఎండి పెళపెళలాడింది. అయిదున్నర అడుగులూ పోయాయి. చట్రంలో మిగిలిన బూజు గీకి, రెండు పూతల సున్నం వేశాను. అత్తయ్య దగ్గు ముందు సన్నబడింది, తర్వాత అప్పుడప్పుడూ వచ్చింది, తర్వాత ఇరుగుపొరుగువాళ్ళు వచ్చినప్పుడు మాత్రం వచ్చింది.

జూన్ ఇరవై ఏడున ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. నూట తొంభై ఒక్క ఇళ్ళు చూసి పొంగిపోయారు. ఇందుమతి గారి చీమల దగ్గర పది నిమిషాలు నిలబడ్డారు. ఆఖరుగా ఆదర్శ మరక అని మా ఇంటికి తీసుకొచ్చారు. టేకు చట్రం ఉంది, ఇత్తడి పలక ఉంది, దీపం వెలుగుతోంది. మధ్యలో తెల్లగా, నున్నగా గోడ.

"చంపేశారండీ," అంది తన్మయి. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

నేను ఉత్తర్వు నకలు త్రివిక్రమరావు గారి చేతికిచ్చాను. ముట్టవద్దన్నది ఏప్రిల్ ఉత్తర్వు, తొలగించమన్నది జూన్ ఉత్తర్వు, తర్వాతదే చెల్లుతుంది కదండీ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"సంతకము నాదే," అన్నారు మెల్లగా.

షీల్డు ఇంకో కాలనీకి పోయింది. ఒక క్వార్టరులో ధోరణి ఉల్లంఘన జరిగినందువల్ల అని రాశారట. ఎవరో ఒకరి మీద చర్య తీసుకోవాలి. రెండు విభాగాలూ మొట్టమొదటిసారి కుర్చీలు తిప్పుకుని ఎదురెదురుగా కూర్చున్నాయి. జూలై రెండో వారంలో నోటీసు వచ్చింది: అర్హమైన మూడు అడుగుల మరక కూడా లేనందున మా క్వార్టరు ఈ సంవత్సరపు ప్రమాణాల ప్రకారం నివాసయోగ్యం కాదు. ఎస్టేట్ ఆఫీసరు స్వయంగా వచ్చి, పంచనామా రాసి, మమ్మల్ని నివాసయోగ్యమైన క్వార్టరులోకి పంపిస్తారు. మాకు చూపించింది డి బ్లాకులో, పైన గచ్చు చెక్కేసిన ఇల్లు. అది చూసొచ్చిన మావారు కండువాతో తల తుడుచుకున్నారు. అప్పటికి వానలు పడుతున్నాయి.

"నన్నా ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ వెనక్కి తీసుకురానక్కర్లేదు. అటునుంచటే పంపించెయ్యొచ్చు," అంది అత్తయ్య.

పంచనామాకి పెట్టిన రోజునే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. పొద్దున తొమ్మిదింటికి కుండపోత. పదింటికి ఇందుమతి గారు చాప చుట్టుకుని, అత్తగారినీ వాళ్ళాయన్నీ వెంటబెట్టుకుని దిగి వచ్చారు. "హాల్లో మోకాల్లోతు నీళ్ళండీ. చీమలన్నీ మంచం మీదకెక్కాయి. కాస్సేపు కూర్చుంటామండి," అన్నారు. పదకొండింటికి ఎదురు బ్లాకు నుంచి బాలింతరాలు పసిగుడ్డుతో వచ్చింది, వెనక వాళ్ళమ్మ గొడుగు పట్టింది. తర్వాత నూకరాజు పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చాడు. "మా ఇంటికుంచిన పైపు ఇక్కడే పెట్టేశానుగదండి. దాని కిందే కూకుంటాం," అన్నాడు. నేను పెద్ద గిన్నెలో ఎసరు పెట్టాను.

పన్నెండింటికి త్రివిక్రమరావు గారు వచ్చారు. ఫైలు చొక్కా లోపల దాచుకున్నారు. వెంట వాళ్ళావిడ, ఇద్దరు ఆడపిల్లలు, రెండు ట్రంకు పెట్టెలు. ఎ టైపు బంగళా. ఆరడుగుల అర్హత. అత్తయ్య మంచం మీద కాళ్ళు ముడుచుకుని, వాళ్ళావిడకి చోటిచ్చింది.

ఆయన మాత్రం వచ్చిన పని మరవలేదు. తుడుచుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫైలు తెరిచారు. కాలనీ మొత్తం మీద ఆ వేళ కాగితం తడవకుండా రాసుకోగలిగే చోటు అదొక్కటే. పంచనామా ఫారం చూస్తూ వరసగా నింపడం మొదలుపెట్టారు. క్వార్టరు సంఖ్య. బ్లాకు. టైపు. గోడల పరిస్థితి: పొడి. కప్పు పరిస్థితి: పొడి. నేల: పొడి. నివాసయోగ్యమా, కాదా? ఆయన కలం ఆగింది. వెనక గదిలో పసిపిల్ల తుమ్మి, మళ్ళీ పడుకుంది. ఆయన ఆ అలికిడి విన్నారు. "కాదు" అని రాశారు.

"అలాగే రాయాలాండీ?" అన్నాను.

"ప్రమాణములు అట్లున్నవమ్మా. నేను మార్చుటకు లేదు." ఆయన తలెత్తలేదు. కింది గడి చదివారు. "ప్రస్తుతము నివసించుచున్నవారి సంఖ్య."

లేచి నిలబడ్డారు. హాల్లో లెక్కపెట్టారు. వంటింటి గుమ్మంలో నిలబడి నన్నూ, ఎసరు దగ్గరున్న నూకరాజు పెళ్ళాన్నీ లెక్కపెట్టారు. వెనక గదిలోకి వెళ్ళి, పసిపిల్లని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని కాసేపు ఆలోచించి, తీసుకున్నారు. తిరిగొచ్చి కూర్చుని రాశారు.

"ఎంతమందివయ్యాం నాయనా?" అంది అత్తయ్య, వెనక గది గుమ్మంలోకి వచ్చి తుండుగుడ్డ ఒకటి ఆయనకేసి విసిరి. "తల ఇంకా కారుతోంది, తుడుచుకో."

"పదహారండి," అన్నారు.

అత్తయ్య వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకుంది. "తప్పు. పదిహేడు."

త్రివిక్రమరావు గారు తుండుగుడ్డ చేతిలో పట్టుకుని ఆ గడికేసి చూస్తూ ఉండిపోయారు. బయట వాన ఇంకా బిగిసింది. ఆయన కలం తీసి పదహారుని కొట్టేసి, పక్కన పదిహేడు వేసి, దిద్దుబాటు కనక దాని కింద పొట్టి సంతకం కూడా చేశారు.

"నిజమేనమ్మా," అన్నారు. "నన్ను మరిచాను."